చుక్కలు చూసి విసిరిన రాయి

ఎర్రబండల అడవిలో కొండముచ్చులు, చుక్కల జింకలు, నెమళ్ళు, కుందేళ్ళు, అడవిపందులు ఉండేవి. రెండు కొండల నడుమ ఇరుకైన లోయ అది. మద్దిచెట్లు, తునికిచెట్లు, వెదురుపొదలు దట్టంగా పెరిగేవి. లోయ మధ్యలో బండల సందున ఒక దోనె ఉండేది. వాననీళ్ళు అందులో నిలిచి, ఎండాకాలమంతా అడవి దాహం తీర్చేవి.

కొండముచ్చులకూ జింకలకూ తాతల నాటి చుట్టరికం. కొండముచ్చులు చెట్ల మీద కూర్చుని లేత చిగుళ్ళు తెంపి కింద పడేసేవి. జింకలు వాటిని మేసేవి. కొండముచ్చులకు చూపు ఎక్కువ. జింకలకు వాసన పట్టే ముక్కు ఎక్కువ. చిరుతపులి దూరాన కనిపిస్తే పైనుంచి కొండముచ్చు కేకవేసేది. గాలిలో దాని వాసన తగిలితే కింద జింక డెక్కతో నేలను తట్టేది. వాళ్ళ కంటితో వీళ్ళు, వీళ్ళ ముక్కుతో వాళ్ళు బతికేవాళ్ళు.

ఆ కొండముచ్చుల్లో ఓబులు మంచి వయసులో ఉన్నవాడు. చురుకైనవాడు. పోలక్క అనే జింకంటే వాడికి ప్రాణం. పసితనంలో వాడు తల్లి పొట్టను వదిలేసి చెట్టు మీంచి జారిపడ్డాడు. నక్కలు చుట్టూ మూగాయి. అప్పుడు పోలక్క పరుగున వచ్చి, వాడిని తన నాలుగు కాళ్ళ మధ్య ఉంచుకుని, తల్లి దిగి వచ్చేదాకా నక్కల్ని దగ్గరికి రానివ్వలేదు. అప్పటినుంచి వాడు ఆమెను "అక్కా" అని పిలిచేవాడు. ఆమె "తమ్ముడా" అనేది. పోలక్కకు ఒక ఆడకూన పుట్టింది. ఆ కూన ఓబులును "మామా" అని పిలుస్తూ చెట్టు కింద గంతులు వేసేది.

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. మాఘం వెళ్ళకముందే వాగులు ఎండిపోయాయి. కొండ అవతల నీళ్ళు లేక ఒక చిరుతపులి ఎర్రబండల అడవికి వచ్చింది. అది పాత చిరుతల్లాంటిది కాదు. ఆకలితో ఎముకలు తేలినది. పట్టపగలు కూడా వేటకు దిగేది. వచ్చిన కొద్ది రోజుల్లోనే రెండు జింక కూనల్ని, ఒక కొండముచ్చు పిల్లను ఎత్తుకుపోయింది.

అడవి వణికిపోయింది. దోనె పక్కనున్న బండ మీద అందరూ సమావేశమయ్యారు. కొండముచ్చుల తరఫున ఎల్లవ్వ వచ్చింది. ఆమె ముఖం ముడతలు పడి, పళ్ళు సగం ఊడిపోయిన ముసలి కొండముచ్చు. జింకల తరఫున చెన్నప్ప వచ్చాడు. ఆయన పెద్ద కొమ్ముల మగజింక.

"నీళ్ళు ఇక్కడే ఉన్నాయి. చిరుత కూడా ఇక్కడికే వస్తుంది. మనం ఎక్కడికి పోతాం?" అన్నాడు చెన్నప్ప.

అప్పుడు ఓబులు ముందుకు వచ్చి, చేతిలోని తాడును అందరికీ చూపించాడు. అది వడిసెల. అడవి అంచున జొన్నచేలు కోత అయిపోయాక, కావలివాళ్ళు మంచె మీద మరిచిపోయి వెళ్ళారు. వాళ్ళు దానిలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి, ఒక కొస వదిలి పిట్టల్ని తోలడం ఓబులు చెట్టు మీంచి ఎన్నోసార్లు చూశాడు. తనూ నేర్చుకున్నాడు.

"చూడండి" అని, దూరాన వెలగచెట్టుకు వేలాడుతున్న కాయను చూపించాడు. వడిసెల తిప్పాడు. రాయి రివ్వున పోయింది. కాయ పగిలి కింద పడింది.

అందరి కళ్ళూ మెరిశాయి. "చిరుతను ఇది తోలేస్తుంది!" అని కుందేళ్ళు ఎగిరాయి.

ఎల్లవ్వ మాత్రం నవ్వలేదు. "ఓబులూ, వెలగకాయ ఎక్కడికీ పోదు. అది వెలగకాయేనని నీకు ముందే తెలుసు. పొదలో కదిలేది ఏదో నీకు తెలియదు" అంది.

"మరి ఏం చేయమంటావు అవ్వా?"

"కదిలిందని కొట్టకు. చుక్కలు కనిపించాయని కొట్టకు. తలకాయ చూడు. తోక చూడు. దాని వెనకాల మనవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడు. అదంతా చూసేదాకా రాయి వడిసెలలో పెట్టకు. అప్పటికీ అనుమానం ఉంటే రాయి కింద పెట్టేయ్."

ఓబులు నవ్వాడు. "అంతసేపు చూస్తూ కూర్చుంటే చిరుత నా కోసం నిలబడుతుందా అవ్వా? పారిపోదూ?"

"పోతే పోనీ. చిరుత పోతే రేపు మళ్ళీ వస్తుంది. మనవాళ్ళు పోతే రారు" అంది ఎల్లవ్వ.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. దోనె దగ్గరికి వచ్చేవాళ్ళు గడ్డిలోకి దిగేముందు ఒక కూత పెట్టాలి. ఓబులు బదులు పలకాలి. ఆ తరువాతే దిగాలి. అందరూ సరే అన్నారు. ఓబులు కూడా సరే అన్నాడు.

మొదట్లో వాడు మాట నిలబెట్టుకున్నాడు. దోనె పక్కన మద్దిచెట్టు మీద కూర్చుని కాపలా కాశాడు. ఒక ఉదయం చిరుత బండల మీదికి నడిచి వచ్చింది. తల నుంచి తోక దాకా ఎండలో స్పష్టంగా కనిపించింది. వెనకాల ఉత్త బండ తప్ప ఎవరూ లేరు. ఓబులు రాయి పెట్టి విసిరాడు. అది చిరుత తొడకు తగిలింది. చిరుత గర్జించి, కుంటుకుంటూ కొండెక్కి పోయింది.

ఆ రోజు అడవికి పండగే. నెమళ్ళు ఆడాయి. అడవిపందులు దుంపలు తవ్వి తెచ్చాయి. "గురి అంటే ఓబులుదే గురి!" అని అందరూ పొగిడారు. పోలక్క కూన వాడి తోకను మూతితో నిమిరి, "మా మామ చిరుతనే కొట్టాడు" అని అడవంతా చాటింది.

పొగడ్త ఓబులు తలకెక్కింది. వాడు చెట్టు మీద కూర్చోవడం మారిపోయింది. రాయి ఎప్పుడూ వడిసెలలోనే ఉండేది. ఆకు కదిలితే విసిరేవాడు. కొమ్మ ఊగితే విసిరేవాడు. "నా కంటికి రెండోసారి చూడాల్సిన పని లేదు" అనేవాడు.

ఒక సాయంత్రం పొద వెనక ఏదో మెరిసింది. ఓబులు విసిరాడు. పొదలోంచి ఒక నెమలి కీచుమని అరుస్తూ లేచింది. రాయి దాని తల పక్కనుంచి పోయి, పింఛంలోని ఈకల్ని తెంచేసింది.

నెమలి తెగిన ఈకల పక్కన నక్కి కూర్చుంది. ఓబులు మాత్రం చెట్టు మీంచి పకపకా నవ్వాడు. "ఈకలేగా! మళ్ళీ మొలుస్తాయిలే" అన్నాడు.

ఎల్లవ్వకు ఈ సంగతి తెలిసింది. ఆమె మెల్లగా మద్దిచెట్టు ఎక్కి వాడి పక్కన కూర్చుంది.

"జానెడు ఇటు పడి ఉంటే ఏమయ్యేది?" అని అడిగింది.

"పడలేదుగా అవ్వా."

"పడలేదు కాబట్టే చెబుతున్నాను. పడిన తరువాత చెప్పడానికి ఏమీ ఉండదు. ఇంకొక్కసారి చూడకుండా విసిరావంటే వడిసెల నీ చేతిలో ఉండదు."

ఓబులుకు రోషం వచ్చింది. అడవిని కాపాడుతున్నది తను. తనకే బుద్ధులు చెబుతున్నారు! ఆ చిరుతను పడగొట్టి ఈ నోళ్ళన్నీ మూయించాలి అనుకున్నాడు. మరునాడు పొద్దున్నే ఎవరితోనూ మాట్లాడకుండా మద్దిచెట్టు ఎక్కాడు. పోలక్క కింద నిలబడి, "తమ్ముడా, చిగుళ్ళయినా తిని ఎక్కరా" అని పిలిచింది.

"చిరుతను కొట్టాకే తింటాను. పో అక్కా" అన్నాడు తల తిప్పకుండానే.

ఆమెతో వాడు మామూలుగా మాట్లాడిన ఆఖరి మాట అదే.

మధ్యాహ్నమైంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఓబులు కడుపు మాడుతోంది. కళ్ళు మండుతున్నాయి. అయినా చెట్టు దిగలేదు. చిరుత రావాలి, ఈరోజే రావాలి అని లోలోపల గొణుక్కుంటూ కూర్చున్నాడు. పొద్దు వాలింది. వెదురు ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ఎండుగడ్డి మీద పడుతోంది.

అప్పుడు గడ్డి కదిలింది.

ఏదో మెల్లగా, ఒంగి, చప్పుడు లేకుండా వస్తోంది. ఎండిన గడ్డిపోచల మధ్య గోధుమరంగు మేను కనిపించింది. దాని మీద చుక్కలు కనిపించాయి. తల గడ్డిలో ఉంది. తోక గడ్డిలో ఉంది. కూత వినిపించలేదు. నేల మీద ఎక్కడో చిన్నగా 'టక్' మని ఒక చప్పుడయింది. ఓబులు దాన్ని పట్టించుకోలేదు. "కూత లేదు, చుక్కలున్నాయి. చిరుతే!" అనుకున్నాడు.

వడిసెల తిరిగింది. రాయి రివ్వున పోయింది.

గడ్డిలో ఏదో దబ్బున పడింది.

"కొట్టాను! చిరుతను కొట్టాను! అందరూ రండి!" అని ఓబులు లోయ దద్దరిల్లేలా అరిచాడు. కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ కిందికి దిగాడు. కుందేళ్ళు, జింకలు, కొండముచ్చులు నాలుగు వైపుల నుంచీ పరుగెత్తుకు వచ్చారు. పిల్లలు అందరికంటే ముందు వచ్చారు.

ఓబులు గడ్డిని రెండు చేతులతో చీల్చాడు.

పోలక్క పడి ఉంది. చెవి వెనక దెబ్బ తగిలింది. ఆమె వీపు మీద తెల్లని చుక్కలు. చిరుతకు ఉండేవి నల్లని మచ్చలు. ఆ తేడా అడవిలో పసికూనకు కూడా తెలుసు.

"అక్కా!" అన్నాడు ఓబులు.

పోలక్క కళ్ళు తెరిచింది. "అరవకురా తమ్ముడా... చిరుత వెదురు వెనకాలే ఉంది. నీ చెట్టు వైపే వస్తోంది. కూత పెడితే దానికి వినబడుతుందని... నీకు చెబుదామని వచ్చాను. డెక్కతో తట్టాను కదరా. వినలేదా?"

ఓబులు ఆమె తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"పిల్లల్ని రానివ్వకు" అంది పోలక్క. మరి మాట్లాడలేదు.

పిల్లలు అప్పటికే వచ్చేశారు. వాళ్ళని పిలిచింది వాడే.

"పారిపోండి! చెట్లెక్కండి! చిరుత!" అని ఓబులు గుండెలు పగిలేలా కేకవేశాడు. అందరూ చెల్లాచెదురయ్యారు. ఆ క్షణంలోనే వెదురుపొద చీలింది. చిరుత బయటికి వచ్చి గడ్డిలో నిలబడింది. ఓబులు మద్దిచెట్టు మొదటి కొమ్మ మీదికి ఎగిరాడు. వడిసెల వాడి చేతిలోనే ఉంది. కొమ్మ పంగలోని రాయి ఒకటి తీసి అందులో పెట్టాడు. ఇప్పుడు చిరుత తల కనిపిస్తోంది. తోక కనిపిస్తోంది. వెనకాల ఎవరూ లేరు. విసరడానికి అంతకంటే మంచి అదను లేదు.

చెయ్యి లేవలేదు. రాయి జారి కింద పడింది.

చిరుత నింపాదిగా పోలక్కను నోట కరుచుకుని, కొండవైపు ఈడ్చుకుంటూ పోయింది. ఆ రోజు చిరుత వేటాడలేదు. దాని వేట ఓబులే చేసి పెట్టాడు.

పొద్దు గుంకేవేళకు పోలక్క కూన తల్లిని వెతుక్కుంటూ మద్దిచెట్టు కిందికి వచ్చింది. గడ్డి దగ్గరికి రాకముందే, గందరగోళంలో ఆ కూన అడవిపందుల వెంట పరుగెత్తి గుట్ట అవతల పడింది. దానికి ఏమీ తెలియదు.

"మామా, మా అమ్మ నీ దగ్గరికే వస్తానని చెప్పి వెళ్ళింది. ఎక్కడుంది?" అని అడిగింది.

పైకొమ్మల్లో ఉన్న కొండముచ్చులు కిందికి వంగి చూశారు. చిరుత ఎత్తుకుపోయిందని చెప్పమని ఒకరు సైగ చేశారు. అది కూడా నిజమే కదా.

ఓబులు చెట్టు దిగి కూన ఎదురుగా కూర్చున్నాడు. "మీ అమ్మ చచ్చిపోయింది తల్లీ. నేనే కొట్టాను" అన్నాడు.

"ఎందుకు మామా?"

"చిరుత అనుకున్నాను."

కూన వాడి ముఖంలోకి చూసింది. "మా అమ్మ చిరుతలాగా ఉంటుందా?" అని అడిగింది.

వాడు చెయ్యి చాపబోయాడు. చెయ్యి కదలగానే కూన బెదిరి, ఒక్క గెంతు వెనక్కి గెంతింది. తరువాత గుంపు వైపు పరుగు తీసింది. ఆ పూట నుంచి అది వాడిని మామా అని పిలవలేదు.

మరునాడు ఓబులు జింకల గుంపు దగ్గరికి వెళ్ళాడు. చెన్నప్ప ముందు నేల మీద తల ఆనించాడు. "నన్ను కొమ్ములతో పొడిచేయండి. నాకు అదే తగును" అన్నాడు.

"మేము నిన్ను పొడవం" అన్నాడు చెన్నప్ప. ఆయన గొంతులో కాఠిన్యం లేదు. అలసట ఉంది. "నీ మీద మాకు కోపం లేదు ఓబులూ. భయం ఉంది. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు చల్లారేది. పొదలో చిరుత ఉందేమో, చెట్టు మీద నువ్వున్నావేమో అని రెండువైపులా చూస్తూ మా పిల్లలు ఎలా మేస్తారు? మేము వెళ్ళిపోతున్నాం."

"ఎక్కడికి? అవతలి లోయలో గడ్డి కూడా లేదు."

"తెలుసు" అన్నాడు చెన్నప్ప.

ఆ రోజే జింకలు గుట్ట దాటి వెళ్ళిపోయాయి. తాతల నాటి చుట్టరికం ఒక్క రాయితో తెగింది.

ఇక కష్టాలు మొదలయ్యాయి. వాసన పట్టేవాళ్ళు లేక కొండముచ్చులకు చిరుత జాడ తెలిసేది కాదు. దూరం చూసేవాళ్ళు లేక జింకలకు చిరుత కంటపడేది కాదు. అది ఒక పూట ఈ లోయలో, ఒక పూట ఆ లోయలో తిరిగింది. కొండముచ్చుల్లో ఇద్దరు తల్లులు పిల్లల్ని పోగొట్టుకున్నారు. జింకల్లో ఎంతమంది పోయారో గుట్ట ఇవతలికి కబురు కూడా రాలేదు. అప్పుడప్పుడు గాలివాటున ఒక అరుపు మాత్రం వినిపించేది. అది విన్నప్పుడల్లా ఓబులు చెవులు మూసుకుని కొమ్మకు తల కొట్టుకునేవాడు.

వాడు తిండి మానేశాడు. మద్దిచెట్టు వైపు వెళ్ళడం మానేశాడు. కళ్ళు మూసుకుంటే గడ్డిలో చుక్కలు కనిపించేవి. ఒకనాడు వడిసెలను కొండ చరియలోకి విసిరేయబోయాడు. ఎల్లవ్వ వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"తాడు మీద ఎందుకురా నీ కసి? అది నిన్ను విసరమని చెప్పలేదు" అంది. "చిరుత ఇంకా ఇక్కడే ఉంది. ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఇలా ఇవ్వు."

ఆమె వడిసెలను ఓబులు చెల్లెలు సుంకమ్మకు ఇవ్వబోయింది. సుంకమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దు అవ్వా. దాన్ని చూస్తేనే నాకు భయం" అంది.

"అందుకే నీకిస్తున్నాను" అంది ఎల్లవ్వ.

సుంకమ్మ ఏడుస్తూనే తీసుకుంది. చాలా రోజులు కష్టపడి ఉత్త బండలకు విసిరి నేర్చుకుంది. అన్నలా గురి కుదరలేదు. పదిసార్లు విసిరితే ఏ ఆరేడుసార్లో తగిలేది. అయినా ఆమె రాయిని వడిసెలలో పెట్టుకుని కూర్చునేది కాదు. పక్కనే కొమ్మల పంగలో పెట్టుకునేది.

వైశాఖం వచ్చింది. అవతలి లోయలో చివరి చెలమ కూడా ఇంకిపోయింది. జింకలకు గత్యంతరం లేకపోయింది. ఒక ఉదయం చెన్నప్ప గుట్ట మీదికి వచ్చి, "నీళ్ళు తాగి వెళ్ళిపోతాం. మమ్మల్ని తాగనివ్వండి" అని దూరం నుంచే అడిగాడు. సొంత దోనెలో నీళ్ళు తాగడానికి ఆయన అలా అడుగుతుంటే, కొండముచ్చులు సిగ్గుతో తలలు వంచుకున్నారు.

ఆ రోజు సాయంకాలం సుంకమ్మ మద్దిచెట్టు మీద ఉంది. ఓబులు దూరంగా ఒక మోడు తునికిచెట్టు మీద ముడుచుకుని కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. జింకలు ఒక్కొక్కరే కూత పెట్టి, సుంకమ్మ బదులు పలికాక, దిగి నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. దోనె ఖాళీ అయింది.

అప్పుడు వెదురు పక్కన గడ్డి కదిలింది.

ఓబులు తల ఎత్తి చూశాడు. గోధుమరంగు మేను. దాని మీద చుక్కలు. తల కనబడదు. తోక కనబడదు. కూత లేదు. అదే గడ్డి, అదే ఎండ. వద్దని అరవాలనుకున్నాడు. కొమ్మను గట్టిగా పట్టుకుని సుంకమ్మ చేతుల వైపే చూశాడు.

సుంకమ్మ రాయిని ముట్టుకోలేదు.

"ఎవరది?" అని అడిగింది. బదులు రాలేదు.

"నేను సుంకమ్మను. మనవాళ్ళయితే పలకండి" అంది. బదులు రాలేదు.

ఆమె లేచి, కొమ్మ పట్టుకుని మెల్లగా పక్కచెట్టుకు మారింది. అక్కడి నుంచి వంగి చూసింది. ఏమీ తేలలేదు. మళ్ళీ కూర్చుంది. గడ్డి అటు కదిలింది, ఇటు కదిలింది. ఆమె చూస్తూనే ఉంది. ఒక కాకి అరిచి ఎగిరిపోయింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

గడ్డిలోంచి ఒక చెవి పైకి లేచింది. పొడుగాటి, పలచని చెవి. తరువాత ఇంకొకటి. పోలక్క కూన! అది గుంపు నుంచి వెనకబడిపోయింది. దాహంతో వచ్చింది. భయంతో పలకలేక గడ్డిలో ఒదిగి ఉంది.

"నువ్వటే తల్లీ!" అంది సుంకమ్మ. "నిదానంగా తాగు. నేను చూస్తుంటాను. ఎవరూ రారు."

కూన చాలాసేపు తటపటాయించి, దోనె దగ్గరికి వెళ్ళి తల వంచి తాగింది.

తునికిచెట్టు మీద ఓబులు నోట్లో చెయ్యి కుక్కుకుని ఏడ్చాడు. ఇంతేనా? కాసేపు ఆగడం. ఎవరని ఒక్క మాట అడగడం. కొమ్మ మారి ఇంకోవైపు నుంచి చూడడం. ఇంతేనా తను చేయాల్సింది? ఇందులో బలం అక్కర్లేదు. గురి అక్కర్లేదు. ఇది చేయలేకనే తను పోలక్కను చంపాడు. ఏదో పెద్ద పొరపాటు, ఎవరూ తప్పించుకోలేని పొరపాటు జరిగిందని ఇన్నాళ్ళూ లోలోపల ఎక్కడో చిన్న ఊరట ఉండేది. ఆ పూటతో అది కూడా పోయింది.

కొన్నాళ్ళకు చిరుత మళ్ళీ బండల మీదికి వచ్చింది. సుంకమ్మ దాని తలను చూసింది. తోకను చూసింది. వెనకాల ఎవరూ లేరని చూసింది. అప్పుడు రాయి పెట్టింది. మొదటి రాయి బండకు తగిలి పోయింది. రెండోది చిరుత ముక్కు మీద తగిలింది. మూడోది పక్కటెముకల మీద తగిలింది. చిరుత అరుస్తూ కొండెక్కింది. ఆ తరువాత నాలుగు రోజులకే వానలు కురిశాయి. అవతల వాగులు పారాయి. చిరుత తన పాత చోటికి పోయింది. మళ్ళీ రాలేదు.

సుంకమ్మ రాయి విసరకుండా ఆగిన సంగతి జింకలకు కూన ద్వారానే తెలిసింది. చెన్నప్ప గుంపుతో తిరిగి వచ్చాడు. సుంకమ్మ ఉన్న చెట్ల కింద జింకలు మళ్ళీ మేయసాగాయి. జింకలకు పిల్లలు పుట్టినప్పుడు మొదట సుంకమ్మకే తెచ్చి చూపించేవాళ్ళు. ఆమె మాటకు అడవిలో విలువ పెరిగింది.

ఒక ఉదయం సుంకమ్మ అన్న దగ్గరికి వెళ్ళి, "ఎన్నాళ్ళు ఒక్కడివే ఉంటావు? రా అన్నా. అందరూ వచ్చేశారు" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఓబులు వచ్చి, అందరితో పాటు కొమ్మ మీద కూర్చున్నాడు. కింద జింకలు మేస్తున్నాయి. వాడు ఒళ్ళు సర్దుకున్నాడు. కొమ్మ కాస్త ఊగింది. అంతే. కింద జింకలన్నీ ఒక్కసారిగా తలలెత్తి నిలబడిపోయాయి. పోలక్క కూన ఇప్పుడు ఎదిగింది. అది పక్కనున్న చిన్నపిల్లలకు అడ్డంగా నిలబడి, పైకి, వాడి చేతుల వైపు చూసింది. చేతులు ఖాళీగానే ఉన్నాయి. అయినా అది చూపు తిప్పలేదు. ఎవరూ మేయలేదు. ఎవరూ పారిపోలేదు. అలాగే నిలబడి ఉన్నారు.

"కొన్నాళ్ళు పోతే మరిచిపోతారు అన్నా" అంది సుంకమ్మ మెల్లగా.

"మరిచిపోరు" అన్నాడు ఓబులు. "వాళ్ళ కడుపు మాడ్చడం ఎందుకు?"

వాడు కొమ్మ దిగి, జింకలకు దూరంగా చుట్టుతిరిగి, అడవి అంచు వైపు నడిచాడు. వాగు దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. జింకలన్నీ తలలు వంచి మేస్తున్నాయి.

నీతి: ఎదుట ఉన్నది ఎవరో, దాని వెనక ఉన్నది ఎవరో నిశ్చయంగా తెలిసేదాకా ఆయుధం ఎత్తకూడదు. ఆగినందువల్ల పోయిన వేట రేపు దొరుకుతుంది. ఆగనందువల్ల పోయిన ప్రాణం ఎంత ఏడ్చినా తిరిగి రాదు.